పోక – రాక

భీమవరం బైపాసులో ఐసు ఫ్యాక్టరీ పక్క షెడ్డు.
గేటు దగ్గర చెక్కబల్ల, బల్ల మీద నా రిజిస్టరు.
ఎడమ పేజీ పోక, కుడి పేజీ రాక.
పదకొండేళ్లుగా ఎడమ పేజీకే సిరా ఖర్చు.

శీలావతి, బొచ్చె, రూప్‌చందు.
తెల్లారకముందే చెరువులోంచి తీసి
తూకమేసి, ఐసు పొడి కప్పి
పొద్దుగూకేలోపు హౌరా దారి పట్టిస్తాం.
చేపకి సరిసాటిగా ఐసు ఎక్కుతుంటే
కాటా కాడ మావుళ్ళు నవ్వుతాడు:
"మనం అమ్మేది నీళ్లేనక్కా, చేప కొసరు."

ముందు థర్మాకోలు పెట్టెలుండేవి.
పోయినవి పోయినట్టే,
రాక పేజీ ఉతికి ఆరేసిన పంచె.
విరిగినవి మాత్రం మనకే మిగిలేవి.
యనమదుర్రు డ్రెయిన్లో తెల్లటి నలుసులు.
నురగో, గుడ్లో, చేపపిల్లలో తేల్చుకోలేక
కొంగొకటి పొడిచి, విదిలించి, మళ్ళీ పొడిచి...
ఆ మధ్యాహ్నం నేను క్యారేజీ మూత తియ్యలేదు.

తర్వాత నీలం ట్రేలు దిగాయి, వీపున అంకెలతో.
పోయిన ప్రతిదీ తిరిగి రావాలని ఓనరుగారి ఆన.
నాలుగు వేలు పంపితే మూడు వేల ఆరొందలొచ్చాయి.
తక్కినవేవని నూకరాజుని నిలదీశాను.
స్టీరింగు మీద గడ్డం ఆనించి చెప్పాడు:
"ఒకదాని మీద కూచుని ఒకావిడ పుదీనా అమ్ముతోంది.
ఒకదాంట్లో చంటోడికి నీళ్లు పోస్తన్నారు.
లాక్కొచ్చేమంటావా?"
'నష్టం' అని రాసి
చాలాసేపు కలానికి మూత పెట్టలేదు.

వచ్చేటప్పుడు బండి ఖాళీ.
నీచు కొట్టే బండికి బంగాళదుంప ఎవడెక్కిస్తాడు?
వెయ్యి కిలోమీటర్లు గాలిని మోసుకొస్తాడు నూకరాజు.
ఖాళీ బండికీ దాహం తక్కువేం కాదు.

మా తాత నర్సాపురం కాలవలో పడవ నడిపాడు.
ధాన్యం దించాక కలపో, కుండలో, ఏదీ దొరక్కపోతే
ఇసకైనా ఎత్తుకొచ్చేవాడు.
ఖాళీ పడవంటే లాకుల దగ్గర నామోషీ.
నిజమే గానీ
రాజమండ్రి చేరడానికి మూడు రోజులు పట్టేది తాతా,
నీ పడవలో నా చేప కుళ్ళిపోను.

మొన్న బ్యాంకు వాళ్ళు పంపారని ఒకమ్మాయి వచ్చింది.
కరెంటు ఎన్ని యూనిట్లు, డీజిలు ఎన్ని లీటర్లు,
చేపకి ఎంత పొగ?
అడిగిందల్లా చెప్పాను.
అడగందీ ఒకటి చెప్పాను.

గేటు దాటగానే బండి కారడం మొదలెడుతుంది.
తారు మీద సన్నటి తడి గీత
తణుకు, రావులపాలెం, తుని, ఇచ్ఛాపురం...
ఐసు బోరు నీళ్లది, బోరులో ఊరేది గోదారి.
దారి పొడుగునా ఏ దుమ్ము తాగేస్తుందో.
ఇది పోకలో రాస్తే, రాకలో ఏం రాయను?
వాన పడేదాకా పేజీ ఖాళీ ఉంచాలి కదమ్మా!
ఆ పిల్ల టైపు చెయ్యడం ఆపింది.
ఫారంలో 'ఇతరములు' గడి
అగ్గిపెట్టె అంచంత కూడా లేదు.

ఇప్పుడు దిమ్మల మీద మిల్లు ఊక కప్పుతున్నాం.
కరగడం కొంచెం తగ్గింది.
కొంచెమే.
నిన్న రాత్రి నూకరాజు ఖాళీగా రాలేదు.
రెండుసార్లు కుంకుడురసంతో బండి కడిగించాడట,
గూడెం ఉల్లి మార్కెట్టుకని
జనపనార సంచులేసుకొచ్చాడు.
సగం బండే.
అయినా హారను కొట్టాడు, పెళ్ళిబస్సులా.

సంచుల మధ్య ఒక ట్రే. ఆకుపచ్చది.
అంచు మీద బెంగాలీ అక్షరాలు,
మూలల్లో ఇంకా పుదీనా వాసన.
"ఆవిడే ఇచ్చింది, బదులని" అన్నాడు.
నా చేతికిచ్చి కాళ్లు కడుక్కోడానికి పోయాడు.

కుడి పేజీ తిప్పాను.
నంబరు గడిలో గీత పెట్టి
పక్కన రాశాను:
ఒకటి. మనది కాదు. అందింది.