ఫ్లురీనా చాకు

కొయ్యడానికి మాత్రం పనికిరాదు.
పెద్ద బ్లేడు ఎప్పుడో విరిగింది,
ఆల్ప్స్ కనుమలో పోస్టు బస్సు తలుపు
మంచుకి బిగుసుకుపోయిన తెల్లవారుజామున.

బిరడాలు లాగే మెలికల మేకు
వైను వాసన చూసి ఏళ్లయింది.
బడిపిల్లల బూట్ల తాళ్లకు పడ్డ
పీటముళ్లు విప్పడమే దాని కొలువు.

పట్టకారు నిన్న
దారికడ్డంగా నిలబడ్డ ఆవు మూతిలోంచి
తేనెటీగ ముల్లు పీకింది.
ఆవు తన్నింది. దారి మాత్రం ఇచ్చింది.

పళ్లపుల్ల ఎటో పోయింది.
ఆ సందులో గుండుసూది,
ఎందుకైనా మంచిదని.

ఆఖరి స్టాపులో ఇంజను ఆపి
ముసలి దూరీ చెవిమిషను విప్పుతుంది.
శనగబద్దంత బ్యాటరీ;
కూడిక గుర్తు ఎటుందో భూతద్దమే చెప్పాలి.
మళ్లీ తగిలించి,
అతని చెవి పక్కన
చాకు టక్కున మూస్తుంది.

ఉలిక్కిపడి
కొండలు కూడా వినేలా
ఆయనొక బూతు తిడితే
పనైనట్టే.