నాలుగు అరచేతుల జాగ

పొద్దున ఆరింటికి ఆదిలాబాద్ ఐదు డిగ్రీలు.
షట్టరు సగమే లేపి
గఫార్ చాచా నా కారును చూడలే.
అందరు చూసే ఎర్ర రంగును,
నేల నాకుతున్నట్టుండే ముక్కును,
రెండే రెండు సీట్లను చూడలే.
గొంతుక్కూసోని
వెనక టైరుకు బొటనవేలి గోరు గుచ్చిండు.
గోరు దిగలే.

"నిన్నటి జొన్నరొట్టె" అన్నడు.

నేను మత్తు డాక్టర్ని.
బరువు చూసి, వయసు చూసి, ఊపిరి చూసి
చుక్క ఎక్కువ తక్కువ కాకుంట మనుషుల్ని నిద్రపుచ్చేదాన్ని.
నిర్మల్ నుంచి ఫోనొస్తే
రాత్రి మూడని లేదు, నాలుగని లేదు.
మొన్న అట్లనే పోతుంటే
మహబూబ్ ఘాట్ రెండో మలుపుల
కారు తోక నాకంటే ముందు పోదామని చూసింది.
వేగం నలభై. బ్రేకు మీద కాలు కూడ లేదు.
మంచుకు తడిసిన తారు, నూనె రాసిన పళ్లెం.
ఒక్క ఊపిరి సేపు
స్టీరింగు నా చేతులనే ఉంది, కారు లేదు.
అంచు రాయి మీద ఒక కోతి నిద్రలేచి
నా దిక్కు చూసి మళ్ల పడుకుంది.
ఇంట్ల చెప్పలే. చాచాకు చెప్పిన.

ఆయన టైరు పక్కకు చాక్‌పీసు రుద్దిండు.
నాలుగంకెలు తేలినయ్:
మూడు, ఎనిమిది, ఒకటి, ఏడు.
"పదిహేడో సాలు, ముప్పై ఎనిమిదో వారం పుట్టింది.
అమ్మినోడు చెప్పలేదా డాక్టరమ్మా?"
చెప్పలే.
ఇంజను చప్పుడు వినిపిచ్చిండు.
నేను అదే విన్న.

"కొత్తగున్నా ఇవి ఎండల టైర్లే.
వేడెక్కితే జిగురు లెక్క పడ్తయ్ రోడ్డును.
చలిల చెక్కముక్కలు."

ఫోన్ల దాచుకున్న బొమ్మలు చూపిచ్చిన.
చలిదేశాల టైర్లు, గాటు మీద గాటు,
పక్కన కొండ గుర్తు, కొండల మంచుపువ్వు.
చాచా నవ్వలే. ఆయన మర్యాద అది.
"మన మంచు గాలిల ఉంటది, నేల మీద కాదు.
నేల మీద తెల్లగ కనవడితే
అది యార్డుకు పోయే లారీల పత్తి.
ఇవి ఏస్తే పగటీలి ముప్పై డిగ్రీలకు
బెల్లం లెక్క మెత్తవడ్తయ్.
పొద్దుటికో జత, పగటికో జత కొంటవా?"

కొనేటోళ్లు ఉంటరని నేను చెప్పలే.

"చెయ్యి పెట్టు" అన్నడు, సిమెంటు నేల మీద.
పెట్టిన. చల్లదనం మోచేతి దాక పాకింది.
"ఒక్క టైరు భూమికి తగిలే జాగ ఇంతే.
నీ బండి, నువ్వు, నీ సూదుల పెట్టె,
నీ కోసం ఆడ బల్ల మీద పండుకున్నామె,
అన్ని నాలుగు అరచేతుల మీద పోతున్నయ్."
పక్కన తన చెయ్యి పెట్టిండు.
లారీ టైరు రింగు ఎగిరిన రోజు
చిటికెనవేలు తీసుకపోయిందట.
ఆయన జాగ నాకంటే ఇంత తక్కువ.

చివరికి అన్ని కాలాలవి ఖాయం చేసినం.
"దేంట్ల కూడ ఫస్టు రావు ఇవి" అని ముందే చెప్పిండు.
నా పెట్టెల కూడ
నేను నమ్మే మందు అన్నిట్లకెల్ల తొందర మందు కాదు.
ధర విని రెండుసార్లు అడిగిన.
రెండుసార్లు అదే చెప్పిండు.

నాగపూర్ నుంచి రావాలె, మూడు రోజులు.
అప్పటిదాక?
"మెల్లగ పో. మొదటి పది కిలోమీటర్లు
టైర్లను లేవనియ్యి.
నిద్ర లేపుడు నీకు నేను చెప్పాల్నా?"

నాలుగో రోజు తెల్లారకముందే మళ్ల ఫోను.
ఆటోస్టాండు కాడ చలిమంట.
దగ్గరికొచ్చినంక గుర్తువట్టిన, చాక్‌పీసు గీత ఇంక ఉంది,
ఘాట్ల నన్ను తిప్పిన వెనక టైరు.
చుట్టు ఐదారుగురు అరచేతులు చాపి కూసున్నరు.
నల్ల పొగల, నెమ్మదిగ,
అది ఇప్పుడు మెత్తవడుతుంది.

అద్దం దించలే.
రెండో గేరుల పక్కనుంచి పోయిన.