ఎడమది

తాడిపత్రి బస్టాండు ఎదురుగా
ఖలందర్ సెల్లు షాపులో
అద్దం కింద వరసగా పండుకోనుండాయి
పెన్నలో గులకరాళ్లట్ల, తెల్లవీ నల్లవీ.
“ఏం పనికన్నా?” అన్నాడు పిల్లోడు.
పరిగెత్తేదానికి, జిమ్ముకు, అంటి.

“అయితే కొక్కెం ఉండేది తీసుకో,
చెవి మీదుగా తిరిగి పట్టుకుంటాది, ఎగిరి దూకినా జారదు.
ఇది చెమటకు చావదు.
రబ్బరు మూతులు మూడు సైజులు, నీ చెవికేది పడితే అది.
డబ్బీలో పెట్టి తీస్తాంటే ముప్పై గంటలు పాడతాది.
ఇంగ ఇదుండాదే, ఇది పెట్టుకుంటే
బయట సద్దు చుక్క రాదు, లోకం ఆగిపోయినట్లే...”
ఇంకా ఏందో చెప్తాండాడు.
చెప్తా చెప్తా నా ఎడమ పక్కకు వచ్చినాడు.
పెదాలు ఆడ్తాండాయి, అంతే.

ఆ చెవి నాది కాదప్పా.
నల్లబండ కోసే మిషను కాడ
పదకొండేండ్లకు దాన్ని ఇచ్చేసినా.
రంపం రాతిలోకి దిగేటప్పుడు
నీళ్లు బూడిదరంగు పాలై మొగం మీద చిమ్ముతాయి.
ఆ సద్దు మొదట్లో నొప్పి,
తర్వాత అలవాటు,
తర్వాత ఏమీ లేదు.
వన్నూరప్ప చెవుల్లో దూది కుక్కుకునేవాడు.
నేను నవ్వేవాణ్ణి.

ఒకటే అమ్ముతావా, కుడిది? అని అడిగితి.
“జత విడగొట్టి ఎట్లమ్మేదన్నా,
ఒంటి చెప్పు ఎవురన్నా అమ్ముతారా?”
పద్దెనిమిదొందలు.
పదహారొందల యాభైకి దిగినాడు.
ఇనపడని చెవి కోసం సగం దుడ్లు కట్టి
ఇంటికొచ్చినా.

వారం దినాలు కుడిది ఒకటే పెట్టుకుంటి.
ఎడమది డబ్బీలో పండుకోని
ఎప్పుడు చూసినా నూరు.
ఏ పనీ చెయ్యకుండా నిండుగా ఉండే యోగం
మా ఇంట్లో ఎవురికి పట్టింది?
కొంచెం కోపం కూడా వచ్చింది దాని మీద.

ఆ పొద్దు తెల్లారుజామున
పెన్న గట్టెక్కి రోడ్డు మీద పరిగెత్తుతాంటే
సిమెంటు లారీ వెనక నుంచి ఎప్పుడొచ్చిందో తెలీలే.
ఉండే ఒక్క చెవిలో పాట.
మోచేతికి గాలి తగిలి పాయ, జానెడు దూరం.
డ్రైవరు ఏమని తిట్టినాడో, అదీ ఇనపడలే.
మైలురాయి మీద కూచ్చోని
చానాసేపు చేతులు చూసుకుంటి.

మర్సటి దినం కుడిది డబ్బీలో ఉంచి
ఎడమది ఎడమ చెవికి తగిలిస్తి.
నీళ్లెండిన బాయిలోకి పాట పోస్తాండా,
పోనీ.
కుడి చెవి నిండా మాత్రం
ఇసక మీద నా బూట్లు,
ఒక కుక్క గుర్రుమనడం, ఇంకొకటి ఊరుకోమనడం,
వంతెన మీద గూడ్సుబండి,
దానెనకాల నా ఊపిరి.
నలభై రెండేండ్లాయ, దాన్ని ఎప్పుడూ ఇనలే నేను.

జిమ్ములో జిలాన్ మాస్టరు ఇంతకు ముందు
“ఓయ్ చెవిటోడా, నడుము నిటారుగా!” అని అరుస్తాంటే
అద్దాల కాడ పిల్లోళ్లు పళ్లికిలించేవాళ్లు.
ఇప్పుడు దగ్గరికొచ్చి భుజం తడతాడు,
ఎడమ చెవి దిక్కు చూసి మర్యాదగా సైగ చేస్తాడు:
“పాట ఆపన్నా, ఒక మాట.”
ఆపినట్ల వేలితో తాకి
కుడి పక్కకు తిరుగుతా.
ఇనపడనోడికీ, ఇనకుండా ఉండేటోడికీ
తేడా ఎంతని అడిగితే
పదహారొందల యాభై అంటా.

మొన్న బరువు దించి
బెంచీ మీద ఎల్లకిల పడుకున్నప్పుడు
చెవి వెనక ఎముకలో ఏదో సన్నగా అదిరింది.
సద్దు కాదు.
పాలిష్ పట్టిన బండ మీద అరచెయ్యి పెడితే
పక్క షెడ్డులో మిషను తిరుగుతాందో లేదో తెలుస్తాదే,
అట్ల.
ఏం పాటో తెలీదు.
ఫోను తీసి చూస్తి.
కుడిది నూరు.
ఎడమది నలభై.