గమ్యం చేరుకున్నారు

కొమ్మర్లంక రేవులో బండి ఆపి పడవెక్కాను,
ఒళ్ళో కుట్టుమిషను మోటారు పార్సెలు.
ఫోన్లో నీలం చుక్క
ఏటి మీద నడిచిపోతోంది, చెప్పుల్లేకుండా.

"రెండొందల మీటర్లలో ఎడమకి తిరగండి" అంది ఆవిడ.
ఎడమకి గుర్రపుడెక్క. ఒక కొంగ.

గెడ వేస్తున్న పోసియ్య నవ్వలేదు.
నీళ్ళ రంగు చూసి పడవని కాస్త పక్కకి నెట్టాడు,
అక్కడ మెరకంట, మొన్నటి ఎర్రనీళ్ళు తీసినప్పట్నుంచీ.

నడి ఏట్లో మళ్ళీ ఆవిడే:
"మీరు గమ్యం చేరుకున్నారు."

"ఆయ్, తప్పేం చెప్పలేదండీ"
గెడ లోతుకి దింపాడు.
"అప్పాయమ్మ గారి అరుగు ఇక్కడే.
నిరుడు కోతకి పోయింది.
ఇప్పుడు ఏటిగట్టు మీద మూడో పాక,
నీలం బరకం కప్పుంటాది."

జేబులో ఆవిడ
ఇంకా దారి వెతుకుతూనే ఉంది.
నేను గెడ పైకొచ్చేదాకా చూశాను,
దాని కొసన అంటిన మట్టిని.