ఇంకో నీళ్ళు

స్టావాంగర్‌లో డిసెంబరు. నాలుగు కాకముందే చీకటి.
బొటనవేలంత రాతిముక్కని
ఉక్కు గొట్టంలో బిగించి
కాపలా కూర్చుంది రాగ్‌న్‌హిల్డ్.

సముద్రపు నీరు తోసినంతా తోసింది.
సగం నూనె వచ్చింది.
మిగతా సగం కదలనంటోంది,
ఉప్పు తిన్న విశ్వాసం కాబోలు.
మట్టి రేకుకీ నూనె బొట్టుకీ నడుమ
కాల్షియం పట్టిన చెయ్యి వదలదు.

తొమ్మిదో రోజు ఉప్పు తగ్గించింది.
మరీ చప్పనైతే బంకమన్ను ఉబ్బి
దారులన్నీ పూడుకుపోతాయని
గ్రాములు రెండుసార్లు తూచింది.

అమ్మమ్మ బెరిట్
పీపాలోని ఉప్పు హెర్రింగుని
రాత్రంతా మంచినీళ్ళలో నానేసేది.
తెల్లారాక ఓ ముక్క కొరికి
"ఇంకో నీళ్ళు పొయ్యాలి" అనేది.
ఎన్ని నీళ్ళో ఎక్కడా రాసుకోలేదు,
నాలుకే ఆవిడ మీటరు.

రాత్రి రెండుంపావు.
గాజుగొట్టంలో నీటి మీద
గోధుమరంగు పూస ఒకటి.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత ఇంకొకటి.

సంతోషించాలో లేదో తెలీక
టైము రాసుకుంది.
కిటికీ అవతల వాన,
ఉప్పంటే ఎరగని నీరు,
సముద్రం మీద
ఊరికే పడుతోంది.