సంతకం చోటు

ఫర్వానియాలో రాత్రి పదకొండున్నర.
సీటీ గది చలికి ఓబులమ్మ
రెండు దుప్పట్లలో ముడుచుకుని కూచుంది.
ఫారం అరబ్బీలో ఉంది, కింద ఇంగ్లీషు.
ఆ రెండింట్లో ఎక్కడా ఆమె లేదు.

మామ హ్యాండ్‌బ్యాగులోంచి పెన్ను తీసింది.
"నేను పెడతా సంతకం. మా ఇంటి మనిషే కదా."
చెడ్డదేం కాదు,
కారు అంబులెన్సు దారిలో ఆపి వచ్చింది.

నాకూ తొందరే. బయట ఇంకా ఏడుగురు.
ఇన్నేళ్ళలో ఎన్ని వేళ్ళు పట్టుకుని
ఇంకు ప్యాడు మీద అద్దించానో
లెక్క లేదు.
"ఇక్కడ వెయ్యమ్మా."
మూడు పేజీల ఫారానికి
నేను చేసే తెలుగు అంతే.

ఆమె బొటనవేలు తనంతట తానే ముందుకొచ్చింది.
ఏజెంటు కాగితం, అకామా, జీతం రసీదు,
నడిచి నడిచి దారి తెలిసిన వేలు.
ప్యాడు అంచున ఆగింది.
"ఈ సూదేస్తే ఏమైతాది?"

డాక్టరు గడి ఖాళీగా ఉంది.
ఆ జవాబు నాది కాదు.
రేపేదైనా అయితే
కోర్టు పిలిచేది ఆ గడిలో పేరునే.
ఫోన్ చేశాను.

డాక్టర్ సుహైర్ మూడో అంతస్తు నించి
విసుక్కుంటూనే దిగింది.
స్టూలు లాక్కుని కూచుంది.
రంగుమందు నరాల్లో పాకుతుందని,
ఒంటికి పోసుకున్నట్టు వేడి పుడుతుందని, భయపడొద్దని,
దద్దుర్లు రావచ్చని,
ఏ వెయ్యిమందిలో ఒకరికో ఊపిరి బిగుస్తుందని,
మూత్రపిండాల సంగతీ.
ఆమె ఆగినచోటల్లా నేను అందుకున్నాను.

ఓబులమ్మ అంతా విని
ఫారంలో లేనిది అడిగింది.
"నేనొద్దంటే?"

నాకు అరబ్బీ వెంటనే దొరకలేదు.
మామ గోడ వైపు చూసింది.
"వద్దంటే చెయ్యం" అంది డాక్టరు.
"ముందు అల్ట్రాసౌండ్ చూస్తా.
అందులో కనబడకపోవచ్చు. అదీ చెప్పు."
అదీ చెప్పాను.

"అట్లయితే ఇప్పుడొద్దు.
మొన్న బక్రీదుకు పంటికి సూదేస్తే
మూతంతా వాచి గొంతు పట్టకపాయ.
ఎవురూ అడగలా, నేను చెప్పలా."

డాక్టరు పెన్ను ఒక్క క్షణం గాల్లోనే ఉంది.
తర్వాత రాసింది:
వివరించాను. రోగి వద్దంది. కారణం ఇదీ.
టైమూ వేసి, కింద తన పేరు.

ఓబులమ్మ ప్యాడు పక్కకు నెట్టి
పెన్నిమ్మంది.
ఓ రాసింది. బు రాసింది.
మిగతా అక్షరాలు గడి దాటి
మార్జిన్లోకి పోయాయి.

బయట ఏడుగురిలో ఎవరో దగ్గుతున్నారు.
ఇంకు ప్యాడు మూత కోసం
బల్ల కింద చాలాసేపు వెతికాను.