ఇబ్రీలో పన్నెండున్నర

ఫహూద్ చమురు బావుల కాడ ఉన్న ఆరేండ్లు
మాకు దిక్కులు అడగాల్సిన పని పడలే.
రాత్రి ఎటు తప్పినా
గొట్టం కొసన మండే గ్యాసు మంట
ఇటు రమ్మని నాలుక ఆడిచ్చేది.
దాని వెలుగుల గోర్లు తీసుకున్నం, పత్తాలాడినం.
తల్లి పోయిందని ఫోనొచ్చిన రాత్రి
పోశమల్లు దాని దిక్కే మొఖం పెట్టి
తెల్లారేదాక కూసున్నడు.

ఇప్పుడు ఇబ్రీ. కొత్త కంపెనీ, కొత్త వీసా.
ఇక్కడ మండేదేం లేదు.
కంకర నేల మీద నీలం పలకలు,
చూపు అలిసినా వరస అలవదు.
పొద్దుగాల మోటార్లు సన్నగ మూలుగుతయి,
పలకలన్నీ ఒక్కపారే తూర్పుకు తలలు తిప్పుతయి.
"పొద్దుతిరుగుడు చేను" అన్నడు పోశమల్లు మొదటిరోజు.
రెండోనాడు అన్నడు:
"గింజ మన కండ్ల పడదురా,
తీగల పొంటే సముద్రం దాక పోతది."

మా పని దుమ్ము.
తెల్లారగట్ల మూడింటికి లేసి
పొడి బ్రష్షుతోని, నీళ్లు లేకుంట,
పసిపిల్ల వీపు తుడిచినట్టు తుడవాలె.
గీత పడితే జీతంల కోత.

ఎండకాలం పన్నెండున్నరకు ఈల.
మూడున్నరదాక ఎండల మనిషి కనబడొద్దు, సర్కారు కానూను.
సరిగ్గ ఆ మూడు గంటలే పలకలకు పండుగ.
కంట్రోల్ రూముల అంకె ఎక్కుతనే ఉంటది.
ఏ ఎండ మమ్ముల సంపుతదని నీడకు తోలిన్రో
ఆ ఎండనే యూనిట్లు కట్టి అమ్ముతున్రు.
మేం పలకల కిందనే ఒరుగుతం.
నీడకు మీటరు లేదు,
ఉడుములు, మేము, ఒక బక్క నక్క పంచుకుంటం.

మొన్న పెట్టుబడిదార్లు వచ్చిన్రు.
తెల్ల దిష్‌దాషాలు, నల్ల సూట్లు,
గంటసేపటికి ఏసీ గుడారం.
ఇరవై అయిదేండ్ల లెక్క తెర మీద పరిచిన్రు,
ఏ యేడు ఎంత తిరిగొస్తదో.
ఖర్జూరాల పళ్లెం పట్టుకొని నేనూ లెక్క వేసిన:
ఏజెంటుకు లక్షా డెబ్బై వేలు,
నూటికి మూడు రూపాల మిత్తి,
వీసా రెండేండ్లు.
పెట్టుబడి నాది గూడ ఉంది, అయ్యా.
తెరనే లేదు.

డ్రైవర్ ఖల్ఫాన్ తాత ఒంటెలు కాసెటోడట,
నాయిన బావుల కాడ వాల్వులు తిప్పెటోడట.
బిడ్డ నిజ్వాల చదువుతున్నది, ఈ పలకల చదువే.
"ఇటు ఎప్పుడొస్తది?" అంటే
"మీ రోబో పెట్టె విప్పిన్నాడు" అని నవ్వుతడు.
ఆ పెట్టె స్టోర్‌ల ఉంది. మేమే దించినం.
ఒక్కటి ఇరవైమంది పెట్టట.

మా క్యాంపుకు మాత్రం ఇంకా డీజిల్ జనరేటరే.
లైను కలపాల్నంటే ఏదో కాయితం రావాలట.
దాని దడదడకు చెవులు అలవాటైనయి,
నిన్న రాత్రి అది ఆగేసరికి అందరికీ మెలుకువొచ్చింది.

బయటికొస్తే చుక్కలే చుక్కలు.
అలవాటుకొద్దీ మంట కోసం వెతికినం,
ఏ మూలకూ లేదు.
పోశమల్లు తల్లి పోయి నిన్నటికి ఏడాది.
ఏ దిక్కుకు మొఖం పెట్టి కూసోవాల్నో తెలువక
సాంతం నిలబడే ఉన్నడు.